నడకకు పాట కట్టి నవ్వితే తమాషా అవుతుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బంగారు నగల అంగట్లో తూకం చూసి చీటీ రాసే గుమస్తాను. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది, కుంటుతూ నడుస్తాను. మా బజారు వాళ్ల వాట్సాప్ గ్రూపులో నూరు మందికి పైనే ఉన్నారు. పక్క అంగళ్లలో పనిచేసే ఇద్దరు నా నడకను వీడియో తీసి, పాట పెట్టి గ్రూపులో వేసినారు. స్టిక్కరు కూడా చేసినారు. పోయిన వారం ‘కాలు ఎంత పొట్టో తూకం అంత పొట్టి’ అని రాసినారు. అడిగితే ‘తమాషాకు అన్నా కేసేనా’ అంటారు. స్టేషన్‌కు పోతే ‘ఇది పరువు నష్టం, కోర్టుకు పో’ అన్నారు. నేనేం చేయాల?

జవాబు: స్టేషన్‌లో మీకు చెప్పింది సగమే నిజం. మీ మీద పడినవి రెండు దెబ్బలు. ఒకటి మీ నడక మీద, రెండోది మీ తూకం మీద. రెండింటికీ చట్టం వేరు, పోవాల్సిన చోటూ వేరే. రెండూ కలిపి ఒకే అర్జీలో రాసిస్తే తూకం మాటే ముందు కళ్లబడి, పోలీసులు కోర్టు దారి చూపిస్తారు. అందుకని ముందు ఆ రెండింటినీ విడదీయండి.

నడక సంగతి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 92వ సెక్షన్ (ఎ) క్లాజు ఉంది. దివ్యాంగుణ్ని కించపరచాలనే ఉద్దేశంతో, నలుగురి కళ్ల ముందు కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, దానితోపాటు జరిమానా. ఐదేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టాల్సిన నేరం, నాన్ బెయిలబుల్ కూడా. ‘కోర్టుకు పో’ అనే మాట దీనికి చెల్లదు. ఈ క్లాజులో నలభై శాతం వైకల్యం ఉండాలన్న షరతు లేదు. అయినా మీ సదరం (వైకల్యం శాతం తెలిపే) సర్టిఫికెట్ నకలు అర్జీకి జతచేయండి, అక్కడికి ఆ వాదన ముగుస్తుంది.

అవతలి వకీలు రెండు చోట్ల పట్టుకుంటారు. మొదటిది, వాట్సాప్ గ్రూపు నలుగురి కళ్ల ముందు అవుతుందా అని. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోనూ ఇదే మాట ఉంది. దాని మీద 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: బహిరంగ స్థలం వేరు, బహిరంగంగా కనబడటం వేరు, అక్కడ ఉన్నది బంధువులూ స్నేహితులూ మాత్రమే అయితే అది బహిరంగం కాదు. మీ గ్రూపు నలుగురు దోస్తుల గ్రూపు కాదు, బజారు మొత్తం ఉన్న గ్రూపు. దాన్నే రుజువుతో చూపించాలి. గ్రూపు వివరాల పేజీ తెరిచి, సభ్యుల సంఖ్య, నంబర్లు కనబడేట్టు పైనుంచి కింది దాకా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఆ వీడియోను ఎవరైనా అంగడి ముందర ఫోన్‌లో వేసి నలుగురికి చూపించి ఉంటే, అది చూసినవాళ్లలో ఒక్కరు సాక్ష్యం చెప్పినా కేసుకు బలం.

రెండోది ఉద్దేశం. ‘తమాషాకు’ అన్న మాట ఇక్కడే వస్తుంది. ఒకసారి నోరు జారడం వేరు, మనిషి వెనక ఫోన్ పట్టుకుని నడిచి, పాట వెతికి, స్టిక్కరు తయారు చేయడం వేరు. అంత పని చేసినవాడు కించపరచాలని అనుకోలేదంటే నమ్మడం కష్టం. దాన్ని ఇంకా గట్టి చేయడం మీ చేతుల్లో ఉంది. అదే గ్రూపులో ఒక్కసారి, మర్యాదగా ఇలా రాయండి: ‘ఫలానా తేదీన పెట్టిన నా నడక వీడియో, స్టిక్కరు, తూకం మీద రాసిన మాట నాకు అవమానంగా ఉన్నాయి. వాటిని తీసేయండి, మళ్లీ పెట్టొద్దండి.’ అంతే, ఇంకొక్క మాట వద్దు. ఆ తర్వాత కూడా పెడితే, బాధ కలుగుతుందని తెలిసే చేశారని తేలుతుంది. కోపం పట్టలేక వాళ్ల కులాన్నో ఇంటి ఆడవాళ్లనో తిడుతూ వాయిస్ మెసేజ్ పెట్టారంటే మీ మీదే కేసు పడుతుంది. బాగా నిలవాల్సిన కేసులు చాలా వరకు ఇలాగే నీరుగారిపోతాయి.

కానీ ఆ మెసేజ్ పెట్టక ముందే సాక్ష్యం భద్రం చేసుకోవాలి. పంపినవాడు రెండు రోజులు దాటాక కూడా కొంతసేపు ‘అందరికీ డిలీట్’ చేయగలడు, మీ మెసేజ్ చూడగానే మొదట ఆ పనే చేస్తాడు. గ్రూపులోంచి బయటికి రావద్దు. డిసప్పియరింగ్ మెసేజెస్ (కొన్నాళ్లకు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు) పెట్టి ఉన్నారేమో చూడండి. వీడియోను గ్యాలరీలోకి సేవ్ చేసుకోండి. ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి దాచుకున్న కాపీ మీదే ఆధారపడొద్దు. స్క్రీన్‌షాట్‌లో గ్రూపు పేరు, పంపినవాడి నంబరు, తేదీ, సమయం అన్నీ కనబడాలి. మీ ఫోన్‌లో ఆ నంబరు ‘బాషా అన్న’ అనో ‘రెడ్డి బావ’ అనో సేవ్ అయి ఉంటే తెర మీద పేరే వస్తుంది, నంబరు రాదు. అప్పుడు ఆ కాంటాక్టు పేజీ కూడా విడిగా తీయాలి. తర్వాత ఎక్స్‌పోర్ట్ చాట్ చేసి పెట్టుకోండి. ఆ ఫోన్‌ను కేసు ముగిసే దాకా అమ్మొద్దు, రీసెట్ చేయించొద్దు. ప్రింట్లు, పెన్‌డ్రైవ్ కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ‘ఎ’ భాగం ఫోన్ వాడేవారు, ‘బి’ భాగం నిపుణుడు పూర్తి చేయాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) కూడా రాయాలి.

ఇంకొక సంగతి, ఇది మీకు ఇబ్బందైనా అడగాలి. మొదట్లో వాళ్ల జోకులకు మీరూ నవ్వే బొమ్మ పెట్టి ఉన్నారా? నలుగురిలో ఒంటరి కాకూడదని చాలామంది అలా పెడతారు. పెట్టి ఉంటే దాన్ని తుడిచేయకండి, మీ వకీలుకు ముందే చెప్పండి. అవతలివాళ్ల ఫోన్‌లో అది ఎలాగూ ఉంటుంది. అప్పుడు నవ్వినంత మాత్రాన ఎప్పటికీ భరించాలని రాసిచ్చినట్టు కాదు, దాచిపెట్టి దొరికితేనే నష్టం.

అర్జీలో తేదీల వారీగా, వాళ్లు వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. జరగని దెబ్బలు, బెదిరింపులు చేర్చొద్దు. 92(ఎ) అని సెక్షన్ పేరు పెట్టి అడగండి. గరిష్ఠ శిక్ష మూడేళ్లు లేదా ఆపైన, ఏడేళ్ల లోపు ఉన్న నేరాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173(3) ఇచ్చింది. కాబట్టి అదే రోజు కట్టలేదని గొడవపడొద్దు, అర్జీ అందినట్టు రసీదు మాత్రం తీసుకోండి. కట్టనే కట్టం అంటే అదే సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద కడపలో ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.

ఇక తూకం మాట. ఇది చిన్నదని అనుకోవద్దు. బంగారం అంగట్లో గుమస్తాకు తూకమే పరువు, ఆ మాట యజమాని మనసులో పడితే ఉద్యోగానికే ముప్పు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద, ఒకరి వృత్తిలో నిజాయితీని ఇతరుల దృష్టిలో తగ్గించే మాట పరువు నష్టమే. ఆ సెక్షన్‌కు పది మినహాయింపులున్నాయి. తమాషా అనేది వాటిలో లేదు. పరువు పోతుందని తెలిసి అన్నా, అలా అనుకోవడానికి కారణం ఉండి అన్నా చాలు, పగ ఉందని చూపక్కర్లేదు. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. దీనికి మాత్రం స్టేషన్‌లో చెప్పింది సరైనదే: మీరే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు కంప్లయింటు వేయాలి. కోర్టు మొదట మీ ప్రమాణ వాంగ్మూలం, ఆ మాట చదివి అర్థం చేసుకున్న సాక్షులు హాజరైతే వాళ్ల వాంగ్మూలం తీసుకుంటుంది, వాళ్లకూ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే కేసును స్వీకరిస్తుంది. గడువు మూడేళ్లు. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేయాలంటే ఒక్క ఏడాదే.

నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లందరినీ ముద్దాయిలు చేయాలని చూడకండి, అది నిలవదు. స్టిక్కరును వేరే గ్రూపులకు పంపినవాళ్ల సంగతి వేరు, ప్రచారం చేసినవాడూ బాధ్యుడే. అడ్మిన్‌ను కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుణ్ని చేయలేమని బొంబాయి (2021), కేరళ (2022) హైకోర్టులు చెప్పాయి. అయినా ఆ పోస్టులు తీసేసే అధికారం ఆయనకుంది కనుక, మీ దగ్గర సాక్ష్యం భద్రమయ్యాక ఒక మెసేజ్ పెట్టండి. ఆన్‌లైన్‌లో నొప్పించే మెసేజ్‌లను నేరం చేసిన ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెడదామని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

అలాగని మనిషి మీద వేసే ప్రతి జోకూ నేరం కాదు. చీటీలో అంకె తప్పు రాసినందుకు, క్రికెట్‌లో సులువైన క్యాచ్ వదిలినందుకు ఆటపట్టిస్తే ఎంత చిరాకు వేసినా కేసు కాదు. 2024లో నిపుణ్ మల్హోత్రా కేసులో, ఒక సినిమా మీద చర్య కోరిన పిటిషన్‌ను ఒప్పుకోకపోయినా, సుప్రీంకోర్టు ఒక తేడా స్పష్టంగా చెప్పింది: వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం ఒకటి, వైకల్యం ఉన్నవాళ్లను కించపరిచే హాస్యం మరొకటి. మీ వీడియోలో అర్థం చేయించేదేమీ లేదు. మీరు రోజూ పనికి పోయే దారే అక్కడ ఆటబొమ్మ అయింది. కులం పేరుతో ఎస్సీ, ఎస్టీల మీద వేసే ఎకసెక్కాలకు వాళ్ల చట్టంలోనే 3(1)(ఆర్), (ఎస్) ఉన్నాయి, ముందస్తు బెయిలు కూడా సాధారణంగా దొరకదు. ఆడవాళ్ల మీద అసభ్యంగా వేస్తే న్యాయ సంహిత 79వ సెక్షన్.

మీకు శిక్షలకన్నా ఆ వీడియో పోవడం, వాళ్లు అదే గ్రూపులో తప్పు ఒప్పుకోవడం ముఖ్యమైతే, ఎఫ్ఐఆర్‌కు ముందే ఆలోచించుకోండి. పరువు నష్టం రాజీ పడదగిన నేరం, 92(ఎ) కాదు. అది నమోదయ్యాక ఇద్దరూ ఒప్పుకున్నా రద్దుకు హైకోర్టుకు పోవాల్సి వస్తుంది. కాబట్టి ముందు వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించవచ్చు, లేదా పరువు నష్టం విషయంగా మండల న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు పెట్టి ఇద్దరినీ పిలిపించవచ్చు. రాజీ పత్రంలో మూడు మాటలు తప్పక ఉండాలి: వీడియో, స్టిక్కరు తీసేయడం, గ్రూపులోనే, పేర్లతో క్షమాపణ, మళ్లీ చేయబోమన్న హామీ.

ఖర్చుకు భయపడి ఆగొద్దు. న్యాయ సేవల చట్టం, 1987 ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. సదరం సర్టిఫికెట్, ఆధార్ నకళ్లతో ప్రొద్దుటూరు కోర్టు ఆవరణలో కమిటీ వాళ్లను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.