కంప్యూటర్ స్పీకర్లు ఎన్ని వాట్లవి తీసుకోవాలి?

టేబుల్ మీద పెట్టుకుని రెండు మూడడుగుల దూరంలో కూర్చుని వినేవాళ్లకి ఒక్కో స్పీకర్‌కి 15–20 వాట్ల ఆర్‌ఎమ్‌ఎస్ చాలు, బాక్స్ మీద పెద్దక్షరాలతో వేసే పీఎమ్‌పీఓ అంకెని అసలు పట్టించుకోకండి. ఆర్‌ఎమ్‌ఎస్ అంటే స్పీకర్ లోపలి ఆంప్లిఫయర్ ఆగకుండా ఇవ్వగలిగే పవర్. పీఎమ్‌పీఓ అంటే ఒక్క క్షణం పాటు రాగలదని కంపెనీ చెప్పుకునే గరిష్ఠ పవర్; దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు, కాబట్టి కంపెనీ ఎంత రాసుకుంటే అంత. అనుమానం వస్తే అడాప్టర్ వెనక్కి తిప్పి చూడండి: 12 వోల్టులు, 1.5 ఆంప్స్ అని ఉంటే లోపలికి వెళ్లేదే 18 వాట్లు, బాక్స్ మీద 1000 అని ఉన్నంత మాత్రాన నిలకడగా అంతకన్నా ఎక్కువ ఎక్కణ్నుంచి వస్తుంది?

వాట్లు రెట్టింపైతే సౌండ్ కూడా రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. 20 బదులు 40 వాట్లు ఇస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త తేడా తెలుస్తుంది అంతే. రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. ఇక పాటలో మాటలు విడివిడిగా వినపడాలన్నా, బేస్ మోతలా కాకుండా శుభ్రంగా రావాలన్నా అది డ్రైవర్లు (స్పీకర్ లోపల కదులుతూ శబ్దం పుట్టించే భాగాలు), స్పీకర్ డబ్బా నాణ్యత మీద ఉంటుంది. అందుకే అదే డబ్బుకి ఎక్కువ వాట్ల పల్చటి ప్లాస్టిక్ సెట్ కన్నా, గట్టి ఎమ్‌డీఎఫ్ (చెక్క పొట్టు నొక్కి చేసిన పలక) డబ్బాతో విడిగా ట్వీటర్ (సన్నటి శబ్దాల కోసం ఉండే చిన్న డ్రైవర్) ఉన్నది తీసుకోవడమే నయం.