కొరివితో తల గోక్కోవడమేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు, బట్టల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఇక్కడి పశువైద్య కళాశాలలో చివరి సంవత్సరం చదువుతోంది. పైచదువులో బర్డ్ ఫ్లూ వైరస్ మీద పరిశోధన చేస్తానని, భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబ్‌కు వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ను గాలిలో వ్యాపించేలా ల్యాబ్‌లో మార్చారని చదివాను. ఇది కొరివితో తల గోక్కోవడం కాదా? పిల్లను పంపమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మీరు చదివింది అబద్ధం కాదండీ. ముందు ఆ సంగతి తేల్చుకుని, తర్వాత అమ్మాయి విషయానికి వద్దాం.

హెచ్5ఎన్1 అనే ఈ వైరస్ షెడ్డులోకి వచ్చిందంటే కొద్ది రోజుల్లోనే కోళ్ళను ఊడ్చేస్తుంది. మనిషికి సోకడం అరుదు, సోకితే మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. అయితే ఒకరి నుంచి ఇంకొకరికి తేలిగ్గా పాకదు. ఎప్పటికైనా పాకగలదా? 2011లో ఈ ప్రశ్నను ఇద్దరు విడివిడిగా పట్టుకున్నారు. ఒకరు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో రాన్ ఫూషియే, రెండోవారు అమెరికాలోని విస్కాన్సిన్‌లో యోషిహిరో కవావోకా. ఇద్దరూ ఫెర్రెట్ల మీదే పరీక్షించారు. ముంగిసలా సన్నగా, పొడవుగా ఉండే ఈ జంతువుకు ఫ్లూ వస్తే మనలాగే జ్వరం, తుమ్ములు వస్తాయి. 1933లో ఇంగ్లండ్‌లో మనుషుల ఫ్లూ వైరస్‌ను మొదటిసారి పట్టిచ్చిందీ ఇదే. అప్పుడు ఒక ఫెర్రెట్ విల్సన్ స్మిత్ అనే శాస్త్రవేత్త ముఖం మీదే తుమ్మింది. ఆయన మంచమెక్కాడు. ఆయన నుంచి తీసిన వైరస్‌కు ఆయన పేరులోని తొలి అక్షరాలతోనే డబ్ల్యూఎస్ అని పేరు పెట్టారు. జబ్బు తెచ్చుకుని చరిత్రకెక్కడమంటే అదీ!

ఫూషియే బృందం హెచ్5ఎన్1 జన్యువుల్లో ముందు కొన్ని మార్పులు చేసింది. తర్వాత ఒక ఫెర్రెట్ నుంచి తీసిన వైరస్‌ను ఇంకొకదానికి ఎక్కిస్తూ, అలా పది ఫెర్రెట్లను దాటించింది. చివరికి పక్క బోనులోని ఫెర్రెట్లకు తాకకుండానే, గాలి ద్వారానే జబ్బు అంటుకుంది. అలా అంటుకున్నవి చనిపోలేదు. ఈ మాట చాలా వార్తల్లో రాలేదు. గాలిలో పాకిన వైరస్‌లన్నింటిలోనూ తప్పకుండా కనిపించిన మార్పులు అయిదంటే అయిదే. దాంతో గగ్గోలు పుట్టింది. వివరాలు అచ్చు వేయవద్దని అమెరికా జీవభద్రత సలహా మండలి మొదట కోరింది. 2012 జనవరిలో ఫ్లూ శాస్త్రవేత్తలే ఇలాంటి ప్రయోగాలను స్వచ్ఛందంగా ఆపుకున్నారు. అరవై రోజులని మొదలుపెట్టిన ఆ విరామం ఏడాది దాకా సాగింది. ఈలోపే ఆ రెండు పరిశోధనా పత్రాలూ అచ్చయ్యాయి.

కర్నూలులో ఏళ్ళ తరబడి వైద్య విద్యార్థులకు మైక్రోబయాలజీ చెప్పినదాన్ని కాబట్టి నా అభిప్రాయం దాచను. ఆ జ్ఞానం వృథా కాలేదు. ఎక్కడైనా కోళ్ళు చనిపోయి వైరస్ జన్యువులు చదివినప్పుడు, ఏ మార్పుల కోసం వెతకాలో తెలిసింది. కానీ అలాంటి ప్రయోగం ప్రతి దేశంలో, ప్రతి ల్యాబ్‌లో జరగాలంటే నేను ఒప్పుకోను. మీ భయానికి ఆధారం ఉంది. 1977లో హఠాత్తుగా ఒక హెచ్1ఎన్1 ఫ్లూ ప్రపంచమంతా తిరిగింది. ఎక్కువగా పాతికేళ్ళ లోపు వాళ్ళకే వచ్చింది. జన్యువులు చూస్తే అది 1950 ప్రాంతంలో తిరిగిన వైరస్‌కు దాదాపు నకలు. ప్రకృతిలో పాతికేళ్ళకు పైగా మారకుండా కూర్చునే గుణం ఫ్లూకు లేదు. ఏదో ల్యాబ్ ఫ్రీజరు నుంచో, టీకా ప్రయోగం నుంచో బయటపడి ఉంటుందని చాలామంది నిపుణుల అభిప్రాయం. నాదీ అదే.

ఇక అమ్మాయి చేయబోయేది ఏమిటి? వైరస్‌ను తయారు చేయడం కాదు, పట్టుకోవడం. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో దేశంలోనే మొదటిసారి కోళ్ళలో హెచ్5ఎన్1ను నిర్ధారించింది భోపాల్ ల్యాబే. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు అగ్రహారం కోళ్ళ నమూనాలూ అక్కడికే వెళ్ళాయి.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. పొదగబెట్టి పది రోజులైన కోడిగుడ్డును చీకటి గదిలో దీపానికి ఎదురుగా పట్టుకుంటే లోపలి రక్తనాళాలు ఎర్రగా కనిపిస్తాయి, పిండం కదులుతుంది. గుడ్డు మొద్దు కొసన ఉండే గాలి గది అంచున పెన్సిలుతో గీత గీసి, చిన్న రంధ్రం చేసి, నమూనాను సూదితో ఎక్కించి మైనంతో మూస్తారు. కొన్ని రోజుల తర్వాత లోపలి ద్రవం తీసి చిన్న గుంటలున్న పలకలో కోడి ఎర్ర రక్తకణాలతో కలుపుతారు. వైరస్ లేకపోతే కణాలు గుంట అడుగుకు దిగి చిన్న ఎర్ర చుక్కగా నిలుస్తాయి. ఉంటే ఒకదానికొకటి అతుక్కుని పలచని పొరగా పరుచుకుంటాయి. కోళ్ళకు వచ్చే మరో జబ్బు కొక్కెర తెగులు వైరస్ కూడా సరిగ్గా ఇలాగే చేస్తుంది కనుక అక్కడితో తీర్పు చెప్పకూడదు. మీ అమ్మాయికి ఇదంతా తెలిసే ఉంటుంది, అడిగి చూడండి. నాకన్నా ఓపికగా చెబుతుంది.

అనుమానపు నమూనాలతో ఈ పని చేసే గదుల్లోంచి గాలి వడపోతలు దాటకుండా బయటికి పోదు. మనిషి స్నానం చేయకుండా బయటికి రాడు. ఆదివారం పూట మన ఊళ్ళలో కోళ్ళు కోసే కుర్రాడి చేతికి తొడుగు ఉండదు, ముక్కుకు గుడ్డ ఉండదు. నన్నడిగితే నాకు ఎక్కువ భయం అతని గురించే.

పంపండి. అయితే చేరే ముందు ఆమె మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి: కొత్తవాళ్ళకు భద్రతా శిక్షణ ఎన్నాళ్ళు ఇస్తారు, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి, ఎక్కడ పరీక్ష చేస్తారు. సూటిగా జవాబు చెప్పని చోట చేరవద్దు. ఇంకొకటి, ఏటా మామూలు ఫ్లూ టీకా వేయించుకోమనండి. అది బర్డ్ ఫ్లూను ఆపదు. కానీ ఈ వైరస్ జన్యువులు ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. మనుషుల ఫ్లూ, కోళ్ళ ఫ్లూ ఒకే ఒంట్లో, ఒకే కణంలో కలిస్తే ఆ ముక్కలు కలగాపులగమై కొత్త వైరస్ పుట్టవచ్చు. టీకా వేయించుకుంటే ఆ అవకాశం తగ్గుతుంది. కిందటేడు వేయించుకున్నా ఈ ఏడు మళ్ళీ వేయించుకోవాలి.