కమ్యుటేషన్ డబ్బుతో సైబర్ సెక్యూరిటీ సెంటర్ పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఆర్మీ సిగ్నల్స్‌లో నాయబ్ సుబేదార్‌ని. 28 ఏళ్ల సర్వీసు పూర్తి చేసుకుని వచ్చే ఏడాది ఇంటికొస్తున్నాను. మా అబ్బాయి గుణుపురంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాడు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో మా మేడ మీద 24 గంటలూ నడిచే సైబర్ సెక్యూరిటీ మానిటరింగ్ సెంటర్ తెరిచి, చుట్టుపక్కల కంపెనీలకు నెలవారీ సేవలు అందించాలని ఉంది. బాబు కూడా ఉద్యోగానికి వెళ్లనని, ఇందులోనే ఉంటానని అంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: సుబేదార్ గారూ, వ్యాపారం తప్పకుండా మొదలుపెట్టండి. సెంటర్ మాత్రం ఇప్పుడే వద్దు. కమ్యుటేషన్ అంటే మీ పెన్షన్‌లోంచి ముందే తీసేసుకున్న సొమ్ము. 15 ఏళ్ల పాటు ఆ మేరకు పెన్షన్ తగ్గి వస్తుంది. అలాంటి డబ్బును గోడకు బిగించే పెద్ద స్క్రీన్ల మీద పెట్టమని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

లెక్క చూడండి. వారానికి 168 గంటలు. మనిషి 48 గంటలు కూర్చున్నా, ఒక్క కుర్చీ ఖాళీ పడకుండా ఉండాలంటే ముగ్గురు చాలరు. సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు కలుపుకుంటే ఐదుగురు కావాలి. మీరున్నది ఇద్దరు. 24 గంటలూ కాపలా కాస్తామని రాసిచ్చి, రాత్రి రెండింటికి వచ్చిన అలర్టును ఎవరూ చూడకపోతే ఈ చిన్న ఊళ్లలో మీ పేరు మళ్లీ నిలబడదు. ఆ రాత్రి కాపలాను ఎండీఆర్ సేవలిచ్చే (దూరం నుంచే కంప్యూటర్లను కనిపెట్టుకుని ఉండే) సంస్థల దగ్గర మీరే కొనుక్కోవచ్చు. అలర్టు వాళ్లు చూస్తారు, మీకు ఫోన్ చేస్తారు. ఆఫీసుకు వెళ్లి, వైరు పీకి, మిషన్‌ను పక్కన పెట్టి, కంగారుపడుతున్న యజమానికి తెలుగులోనో ఒడియాలోనో నచ్చజెప్పేది మీరు. హైదరాబాద్ నుంచో భువనేశ్వర్ నుంచో ఆ పనికి రాయగడ దాకా ఎవరూ రారు. మీ బలం అక్కడుంది.

ఇక కొనేదెవరు? జేకేపూర్ పేపర్ మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ లాంటి పెద్ద కంపెనీల మీద ఆశ పెట్టుకోకండి. అలాంటి చోట్ల ఐటీ నిర్ణయాలు హెడ్డాఫీసుల్లో జరుగుతాయి. మీ కస్టమర్లు నర్సింగ్ హోంలు, కాటన్ మిల్లులు, రైస్ మిల్లులు, బరంపురం, పర్లాకిమిడి ఆడిటర్ ఆఫీసులు.

ఆడిటర్ ఆఫీసు ఒకదానికి వెళ్లి అరగంట కూర్చోండి. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరే సర్వరు. బ్యాకప్ అంటే రాత్రింబవళ్లు దానికే తగిలించి ఉండే హార్డ్‌డిస్కు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిందంటే ట్యాలీ ఫైళ్లతో పాటు ఆ డిస్కూ లాక్ అయిపోతుంది. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, పాస్‌వర్డ్ అందరికీ ఒకటే. క్లయింట్ల డిజిటల్ సంతకాల డాంగిళ్లు (పెన్‌డ్రైవ్ లాంటివి) సొరుగులో ఉంటాయి, ఒక్కోదాని మీద పిన్ నంబరు స్టిక్కరు. ఈ ఆఫీసుకు మీరు అమ్మాల్సింది సైబర్ దాడుల మ్యాపు చూపించే డ్యాష్‌బోర్డు కాదు. మిషన్‌కు ఇంత అని నెలవారీ రేటు పెట్టి అప్‌డేట్లు వెయ్యండి, మెయిల్‌కు ఓటీపీ లాంటి రెండో తాళం పెట్టండి, రిమోట్ యాక్సెస్ కట్టడి చెయ్యండి. బ్యాకప్ ఒక కాపీ బయట ఉంచి, నెలకోసారి దాన్ని యజమాని కళ్ల ముందే తెరిచి చూపించండి. ఆ ఒక్క పనికే డబ్బిస్తారు. లాగ్‌లు (కంప్యూటర్లో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు) చూడటానికి వజూ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లైసెన్సు ఖర్చు లేదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉండండి. పది ఆఫీసుల అడ్మిన్ పాస్‌వర్డ్‌లు మీ దగ్గరుంటే, దొంగకు మీ ల్యాప్‌టాప్ ఒక్కటి దొరికితే చాలు. 2021 జూలైలో అమెరికాలోని కసేయా కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోకి చొరబడినవాళ్లు, దాన్ని వాడే సర్వీసు సంస్థల మీదుగా 1,500 దాకా వ్యాపారాలను దెబ్బతీశారు. మన దగ్గర 2024 జూలై ఆఖర్లో చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ సేవలిచ్చే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద దాడి జరిగితే, దాని మీద ఆధారపడ్డ దాదాపు 300 చిన్న బ్యాంకులను యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ చెల్లింపుల నుంచి తాత్కాలికంగా విడదీయాల్సి వచ్చింది. అందుకే మొదటి ఖర్చు మీ సొంత మిషన్ల మీదే పెట్టండి. కస్టమర్ల పని చేసే ల్యాప్‌టాప్‌లో ఇంట్లో వాళ్లెవరూ సినిమా కూడా చూడకూడదు.

చట్టం సంగతి. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఎవరు రిపోర్టు చేస్తారో అగ్రిమెంటులోనే రాసుకోండి. రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి నెట్‌వర్క్‌నూ స్కాన్ చెయ్యకండి. సాయం చేద్దామనే ఉద్దేశంతో చేసినా ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది, దురుద్దేశం ఉందని తేలితే 66వ సెక్షన్ కింద నేరమే అవుతుంది. బాబుకు ఇది మరీ మరీ చెప్పండి, ఆ వయసులో చెయ్యి ఊరుకోదు. చిన్న వ్యాపారాల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటాకే.

సిగ్నల్ సెంటర్‌లో డ్యూటీ మారేటప్పుడు లాగ్ రాసి, చదివి, సంతకం పెట్టి అప్పగించే అలవాటు మీకుంది. కాలేజీ నుంచి నేరుగా వచ్చే కుర్రాళ్లకు దాన్ని నేర్పడానికి చాలా కాలం పడుతుంది. దాన్ని యథాతథంగా తెచ్చుకోండి. యూనిట్ నెట్‌వర్క్ వివరాలు, ఫొటోలు, అక్కడ వాడిన పరికరాల పేర్లు మాత్రం కరపత్రంలోనే కాదు, కబుర్లలో కూడా రాకూడదు. అధికార రహస్యాల చట్టం రిటైరైన వాళ్లకూ వర్తిస్తుంది.

బాబును మాత్రం ఉద్యోగానికి పంపండి. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో ఒక సెక్యూరిటీ ఆపరేషన్స్ టీమ్‌లో రెండేళ్లు నైట్ షిఫ్టులు చెయ్యనివ్వండి. రోజుకు వందల అలర్టుల్లో ఏది నిజమైనదో పట్టుకోవడం ఇంట్లో కూర్చుని వచ్చే విద్య కాదు. ఈలోగా మీరు ఐదారుగురు కస్టమర్లతో, తక్కువ పెట్టుబడితో నడపండి.

మీకు ఇంకా సర్వీసు ఉంది కాబట్టి డీజీఆర్ (మాజీ సైనికుల పునరావాసం చూసే రక్షణ శాఖ విభాగం) ఇచ్చే పునరావాస కోర్సు వదులుకోకండి. మీలాంటి జేసీవోలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) 24 వారాల దాకా కోర్సులుంటాయి, ఐటీవి కూడా. యూనిట్ ద్వారానే దరఖాస్తు పెట్టాలి. సీట్లు ముందే నిండుతాయి, ఈ వారమే మీ హెడ్‌క్లర్క్‌ను కలవండి.