బాబు తప్పేమీ లేదని అత్తగారి ఎదుటే చెప్పండి

కామెర్లు ముదిరి మీవారు ఐసీయూలో ఉన్న పదకొండు రోజులూ తొమ్మిదేళ్ల బాబు నానమ్మ పక్కనే మోకాళ్లూనాడు. ఆయన పోయాక, ఆదరణ కూడిక ముగిసిన రాత్రి అత్తగారు వాడితో "నీ విశ్వాసం చాలలేదురా" అన్నారు. నాలుగు నెలలుగా వాడు కుటుంబ ప్రార్థనలో నోరు విప్పడం లేదు, సండేస్కూలు మానేశాడు. ఏ వాక్యాలు కంఠతా పట్టిస్తే దేవుని ప్రేమ అర్థమవుతుందని మీ ప్రశ్న.

ఒక్కటీ వద్దమ్మా. వాడికి వాక్యాల కొరత లేదు.

అత్తగారు ఆ మాటన్నప్పుడు మీరేం చేశారో ఉత్తరంలో లేదు. తల వంచుకుని ఊరుకుని ఉంటారు. ఆ వయసు పిల్లలు తామేదో అనుకున్నందుకో, చేయనందుకో చావు వచ్చిందని లోలోపల నమ్మేస్తారు. పెద్దావిడ ఆ మాటే పైకి అనేసి, అమ్మ కాదనకపోతే ఇక వాడికి అది నిజమే. నాన్నను నేనే పోగొట్టానని అనుకునేవాడు ఏ నోటితో ప్రార్థిస్తాడు?

ఆవిడా కొడుకును పోగొట్టుకున్న తల్లే, పోట్లాడకండి. ముందు విడిగా మాట్లాడండి. తర్వాత బాబు వింటుండగా ఇద్దరూ చెప్పండి: "నాన్న లివరు పాడై చనిపోయాడు. నీ ప్రార్థనకూ దానికీ సంబంధం లేదు." ఆవిడ ఒప్పుకోకపోతే ఆవిడ ఎదుటే మీరొక్కరే చెప్పండి. అత్తగారి మర్యాద కోసం బిడ్డను దోషిగా నిలబెట్టే హక్కు మీకు లేదు. వాక్యం చూపించమంటే యోహాను 9 తీయండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీణ్ణి కన్నవాళ్లూ కాదన్నాడు ప్రభువు.

"చనిపోయాడు" అనే అనండి. "నిద్రపోయాడు" అంటే పిల్లలు రాత్రి కళ్లు మూయడానికి జంకుతారు. "దేవుడు తీసుకెళ్లాడు" అంటే వాడి లెక్కలో దేవుడు దొంగ. "మంచివాళ్లను ముందు పిలుచుకుంటాడు" అనేది మరీ అన్యాయం, మంచిగా ఉండాలంటేనే హడలిపోతారు.

చనిపోయిన లాజరును యేసు బతికించిన కథతో (యోహాను 11) జాగ్రత్త. లాజరు లేచాడు, మరి మా నాన్న? అని అడిగి తీరతాడు. "నాకూ తెలియదు కన్నా" అనండి, సాకులు అల్లకండి. నేనైతే 35వ వచనం దగ్గర ఆగమంటాను: "యేసు కన్నీళ్లు విడిచెను." అంతకుముందే మార్త, మరియ ఇద్దరూ నువ్వుంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదని ఆయన ముఖం మీదే అన్నారు. ఆయన కసరలేదు. మీవాడి కోపానికీ అక్కడ చోటుంది.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే బిగుసుకుపోతాడు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పది నిమిషాలు, అంతే. స్నానాలగదిలో తలుపేసుకుని ఏడుస్తున్నానని రాశారు. వాడి ముందే ఏడవండి. ప్రార్థనలో 13వ కీర్తన మొదటి వచనం చదవండి: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" ఆ కీర్తన చివర్లోని సంతోషానికి వాణ్ణి తొందరపెట్టకండి.

వాడంతట వాడు సండేస్కూలుకు వెళ్తానన్నప్పుడు, మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పించవద్దని టీచరుకు ముందే చెప్పండి. పక్క తడపడం, అన్నం మానడం, బడికి పోననడం రెండు వారాలు దాటితే పిల్లల మానసిక వైద్యుడికి చూపించండి. "నాన్న దగ్గరికి పోతా" అంటే మాత్రం ఆ రోజే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీమానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది.