రసాయన సమీకరణాలు తుల్యం చేయడం: ఆక్సిజన్ జోలికి ముందే పోనివ్వకండి

పదో తరగతి చదివే మీ పాప సమీకరణాలు తుల్యం చేస్తూ (అంటే రెండు పక్కలా ఒక్కో మూలకం పరమాణువులు సమానం చేస్తూ) ఒక పక్క అంకె సరిచేస్తే రెండో పక్క చెడిపోతోందని, విసుగొచ్చి పుస్తకం మూసేస్తోందని రాశారు కదండీ. నాదీ అదే కథ. మాది కావలి దగ్గర పల్లె. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణం ఇస్తే, ఎడమ పక్క ఆక్సిజన్లు రెండున్నాయి కదా అని నీటి ఫార్ములాలో ఆక్సిజన్ కింద చిన్న 2 తగిలించి దర్జాగా చూపించా. సారు చూసి, "ఏంది అబ్బయ్యా, దాహమేస్తే ఇది తాగుతావా?" అన్నారు. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోయింది, పుండు మీద పోస్తే బుస్సున నురగొచ్చే మందు! ఫార్ములా లోపలి అంకె మారిస్తే పదార్థమే మారిపోతుంది, మనం అంకె వేసుకోవాల్సింది ఫార్ములాకి ముందు పక్కన మాత్రమే అని ఆ రోజు బుర్రకెక్కింది.

ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లలకు చెప్తుంటా. ఎక్కువమంది ఇరుక్కునేది ఆక్సిజన్‌తో మొదలుపెట్టి. మండే సమీకరణాల్లో అది కుడి పక్క రెండు పదార్థాల్లో ఉంటుంది, ఒకదాన్ని కదిపితే రెండోది కదులుతుంది. ఎడమ పక్క మాత్రం ఒంటరిగా ఉంటుంది కాబట్టి దాన్ని ఆఖర్న ముట్టుకుంటే మిగతావేవీ చెడవు.

వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్‌నే తీసుకోండి. అణువులో కార్బన్లు 4, హైడ్రోజన్లు 10. కార్బన్ డయాక్సైడ్ ముందు 4, నీటి ముందు 5 వేసేయండి. ఇప్పుడు కుడి పక్క ఆక్సిజన్లు లెక్కపెడితే 8, 5 కలిపి 13. ఎడమ పక్క ఆక్సిజన్ జంటగానే వస్తుంది, 13 ఏమో బేసి సంఖ్య, పిల్లలకు టెన్షన్ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే, తప్పు చేశామనుకుని మొత్తం చెరిపేస్తారు. చెరపొద్దనండి. ధైర్యంగా ఆక్సిజన్ ముందు ఆరున్నర వేసి, అన్నిటినీ రెండుతో గుణిస్తే బ్యూటేన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, నీరు ముందు వరసగా 2, 13, 8, 10.

ఇంకోటి, నోటుపుస్తకంలో కొట్టివేతలంటే పిల్లలకు భయం. మా ఇంట్లో చట్రం ఒక పక్క ఊడిన పాత మార్కాపురం పలక ఉంది, అంకెలు దాని మీదే వేయిస్తా. ఫార్ములాలు పెన్నుతో కాగితం మీద రాసి, ముందు వేసే అంకెలు మాత్రం పలక మీద. పెన్నుతో రాసింది చెరపలేరు కాబట్టి లోపలి అంకె జోలికి పోరు.

ఇది అలవాటయ్యాక అల్యూమినియం, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసి అల్యూమినియం సల్ఫేట్, హైడ్రోజన్ వచ్చేది ఇవ్వండి. సల్ఫర్ వేరు, ఆక్సిజన్ వేరు అని విడదీయనివ్వకండి, సల్ఫేట్ మొత్తాన్ని ఒక మూటగా లెక్కపెట్టమనండి. 2, 3, 1, 3 రావాలి.