వీర్యకణాల కౌంట్ టెస్ట్ శాంపిల్ ఇంటి నుంచి తీసుకెళ్లొచ్చా?

కూకట్‌పల్లిలో ఇంట్లోనే శాంపిల్ తీసి అమీర్‌పేట ల్యాబ్‌కి తీసుకెళ్లొచ్చా, రిపోర్టు తేడాగా వస్తే ఎలా అని అడిగారు కదా బ్రదర్. కుదిరితే ల్యాబ్‌లోనే ఇవ్వండి. గది విడిగా ఉంటుంది, మీరు ఎందుకొచ్చారో ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో తీస్తే గంటలోపు అక్కడికి చేరాలి. ఎర్రగడ్డ ట్రాఫిక్ సంగతి మీకు నేను చెప్పాలా! తప్పకపోతే ఉదయాన్నే బయలుదేరి, ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకోండి. ఎండ, ఏసీ గాలి రెండూ తగలకూడదు.

అంతకుముందు కనీసం 2 రోజులు, మహా అయితే 7 రోజులు వీర్యం పోకుండా ఉండాలి. ఎక్కువ రోజులు ఆగితే ఇంకా మంచిదనుకుంటారు గానీ, కణాల కదలిక తగ్గుతుంది. శాంపిల్ తీసేటప్పుడు మామూలు కండోమ్, నూనె, ఉమ్మి వద్దు. కొంచెం కింద పడినా, ముఖ్యంగా మొదట వచ్చింది, సిగ్గుపడకుండా చెప్పేయండి. లేకపోతే కౌంట్ తప్పు వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దులు: మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. అవును, నాలుగే! అది చూసి టెన్షన్ పడకండి. హద్దు కంటే తగ్గినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. కణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఈమధ్య గట్టి జ్వరం వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి. తేడా ఉంటే మళ్లీ టెస్ట్ చేయిస్తారు. ఈలోగా పొడులూ లేహ్యాలూ కొనకండి, ఆండ్రాలజిస్టును (మగవారి సంతాన సమస్యలు చూసే డాక్టరును) కలవండి. మీ ఆవిడ పరీక్షలు కూడా ఇప్పుడే మొదలుపెట్టించండి.