హెచ్-4పై ఉంటూ బయోటెక్నాలజీ చదవదలచినవారికి

బి.ఎస్సీ. మైక్రోబయాలజీ చదివి, పెళ్ళయ్యాక హెచ్-4పై, అంటే హెచ్-1బీ ఉద్యోగి జీవితభాగస్వామికి ఇచ్చే వీసాపై, నార్త్ కరోలినాకు వచ్చిన మన ఆడపడుచులు చాలామంది, పార్ట్‌టైమ్‌గా చదువుకుని బయోటెక్నాలజీలోకి వెళ్ళాలనుకుంటూ, ఏ విశ్వవిద్యాలయం మంచిదని అడుగుతుంటారు. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, చదువు పూర్తయ్యాక ఉద్యోగం చేసే అనుమతి ఎలా వస్తుందన్నది.

హెచ్-4పై ఉన్నవారు నిరభ్యంతరంగా చదువుకోవచ్చు. అయితే హెచ్-4లోనే డిగ్రీ ముగిస్తే ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేసేందుకు విద్యార్థులకిచ్చే అనుమతి) రాదు. ఎఫ్-1కు, అంటే విద్యార్థి వీసాకు, మారితే 12 నెలల ఓపీటీ, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుకు మరో 24 నెలలు దొరికే అవకాశం ఉన్నా, అప్పుడు ఫుల్‌టైమ్ చదవవలసి ఉంటుంది. భర్తకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చినవారు మాత్రం, 2015 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం హెచ్-4 ఈఏడీకి (ఉద్యోగ అనుమతి కార్డుకు) దరఖాస్తు చేసుకోవచ్చు కనుక, వారికి పార్ట్‌టైమ్ చదువే అనువైనది. ఐ-140 ఇంకా రానివారు ఫీజు కట్టేముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని తప్పక సంప్రదించండి.

ఈఏడీ చేతికి వచ్చినా వెంటనే ఎం.ఎస్.లో చేరమని నేను చెప్పను. జాన్స్ హాప్కిన్స్ వంటి పేరున్న సంస్థలు ఈ ఎం.ఎస్.ను పార్ట్‌టైమ్‌గా, ఆన్‌లైన్‌లో కూడా చెబుతున్న మాట నిజమే కానీ, ల్యాబ్ వదిలి కొన్నేళ్ళు ఇంట్లో ఉన్నవారికి ముందు కావలసింది ల్యాబ్ పనిలో మళ్ళీ చేయి తిరగడం. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలలో బయోటెక్ ఉత్పత్తి పని నేర్పే బయోవర్క్ అనే చిన్న కోర్సు ఉంది. దాని ఖర్చు ఎం.ఎస్. ఫీజుతో పోలిస్తే స్వల్పం. క్లేటన్‌లో నోవో నార్డిస్క్, హోలీ స్ప్రింగ్స్‌లో ఫ్యూజీఫిల్మ్ వంటి మందుల ఉత్పత్తి కేంద్రాలున్న ప్రాంతం కాబట్టి, ఆ కోర్సుతో టెక్నీషియన్ ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. ఉద్యోగం దొరికాక ఎం.ఎస్. మొదలుపెడితే, చదువుకు సాయం చేసే కంపెనీ అయితే, ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఆ సాయంపై ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు.

మూడేళ్ళ బి.ఎస్సీ.ని కొన్ని విశ్వవిద్యాలయాలు ఇక్కడి నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా చూడవు కాబట్టి, మీ డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో తేల్చే ఎవాల్యుయేషన్ ముందే చేయించుకోండి.

జీనోమ్ వ్యాలీలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో క్యూసీ (నాణ్యత పరీక్షల) విభాగంలో పనిచేసినవారు ఆ అనుభవాన్ని చిన్నదనుకుని రెజ్యూమేలో ఒక వాక్యంతో సరిపెడుతున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. జీఎంపీ (మందుల తయారీలో పాటించే నాణ్యతా నియమాల) క్రమశిక్షణకు ఇక్కడా అంతే విలువ ఉంది. హెచ్‌పీఎల్‌సీపై (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరంపై) ఏ పరీక్షలు చేశారో, ఎటువంటి ఎస్‌ఓపీల (రాతపూర్వక పని పద్ధతుల) ప్రకారం పనిచేశారో, బ్యాచ్ రికార్డులు ఎలా సరిచూశారో వివరంగా రాయండి, పాత యాజమాన్యం నుంచి అనుభవ పత్రం ఇప్పుడే తెప్పించుకోండి.